సెలబ్రిటీ ప్రకటనలకు బీమా: తరచుగా అడిగే ప్రశ్నలు

2009 నవంబర్ 27 తెల్లవారుజామున గోల్ఫ్ క్రీడాకారుడు టైగర్ వుడ్స్ కారు ఆయన ఇంటి దగ్గరే చెట్టుకు గుద్దుకుంది. అక్కడి నుంచి ఆయన వివాహేతర సంబంధాల మీద రోజుకో వార్త. డిసెంబర్ 13న యాక్సెంచర్ ఆయనతో ఒప్పందం తెంచుకుంది. ఆరేళ్లుగా ఆ కంపెనీ ప్రచారమంతా ఆయన చుట్టూనే తిరిగింది, ఒక నినాదంలో ఆయన పేరే ఉండేది. విమానాశ్రయాల గోడల మీద, వెబ్‌సైటులో, పోస్టర్లలో ఉన్న ఆ ముఖాన్ని ఉన్నపళంగా తీసేయాల్సి వచ్చింది.

నేను ప్రకటనల బీమా పనిలో ఉన్నాను. బ్రాండ్ మేనేజర్లు, ఏజెన్సీల వాళ్లు నాకు ఫోన్ చేసేది ఎక్కువగా ఇలాంటి వార్త వచ్చిన మర్నాడే. అప్పటికి నేను చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. ముందే అడగాల్సిన ప్రశ్నలు కాబట్టి ఇక్కడ ముందే జవాబులు రాస్తున్నాను. అన్నీ చదివే తీరిక లేకపోతే 'అపకీర్తి' గురించిన ప్రశ్న ఒక్కటైనా చదవండి. ఈ పాలసీ ప్రాణమంతా ఆ ఒక్క మాటకు రాసుకున్న అర్థంలోనే ఉంటుంది.

అసలు ఈ బీమా దేనికి?

ఒక మనిషి ముఖాన్ని, గొంతును, పేరును నమ్ముకుని మీరు ప్రకటన తీశారు. ఆ మనిషి చనిపోయినా, ప్రమాదమో జబ్బో వచ్చి ఒప్పుకున్న పని చేయలేకపోయినా, చెడ్డపేరు తెచ్చుకుని ప్రకటనలో చూపించలేని పరిస్థితి వచ్చినా, మీకు వృథా అయిన ఖర్చును ఈ బీమా తిరిగి ఇస్తుంది. మరణం, అశక్తత, అపకీర్తి అనే మూడింటినీ కలిపి ఒకే పాలసీగా అమ్ముతారు. విడివిడిగా కూడా తీసుకోవచ్చు. ఇలాంటి అరుదైన రిస్కులకు లండన్‌లోని లాయిడ్స్ మార్కెట్ పాత చిరునామా. ఒక్క కంపెనీ మొత్తం భారం మోయకుండా పలువురు అండర్‌రైటర్లు, అంటే రిస్కును తూకం వేసి బీమా ఇచ్చేవాళ్లు, తలా కొంత పంచుకుంటారు.

ఇది సెలబ్రిటీకి చేసే జీవిత బీమా లాంటిదేనా?

కాదు. జీవిత బీమాలో డబ్బు కుటుంబానికి వెళ్తుంది, మొత్తం ముందే ఖాయమై ఉంటుంది. ఇక్కడ డబ్బు ప్రకటనదారుకు వస్తుంది, అదీ నిజంగా నష్టపోయినంత వరకే. నష్టం లెక్క తేలకుండా పైసా రాదు.

పాలసీ ఎవరి పేరు మీద ఉండాలి? బ్రాండా, ఏజెన్సీయా?

ఎవరి జేబులోంచి డబ్బు పోతుందో వాళ్ల పేరు మీద. చాలాసార్లు అది బ్రాండే. కానీ షూటింగ్ ఖర్చు ఏజెన్సీ ముందుగా పెట్టుకుని తర్వాత బిల్లు పంపే పద్ధతి ఉంటే, ఆ మధ్యకాలంలో నష్టం ఏజెన్సీది. అలాంటప్పుడు ఇద్దరి పేర్లూ రాయించండి. 'మా ఏజెన్సీ చూసుకుంటుంది' అని బ్రాండ్, 'క్లయింట్ తీసుకునే ఉంటారు' అని ఏజెన్సీ అనుకుంటూ చివరికి ఎవరూ తీసుకోని సందర్భాలు నేను చూశాను.

ఏ ఖర్చులు తిరిగి వస్తాయి? ఒక లెక్క చెప్పండి.

మూడు పెద్ద పద్దులు: ప్రకటన తీయడానికి అయిన ఖర్చు, మీడియా బుకింగ్, సెలబ్రిటీకి ముందుగా చెల్లించిన ఫీజు. వీటికి తోడు ముద్రించిన ప్యాకింగ్, హోర్డింగులు, షాపుల్లో పెట్టిన నిలువెత్తు కటౌట్లు తీసేసే ఖర్చును కూడా రాయించుకోవచ్చు. ఇవన్నీ చేరి ఉంటాయని అనుకోవద్దు. షెడ్యూల్‌లో, అంటే పాలసీకి జతచేసే వివరాల పట్టికలో, పేరు పెట్టి రాసినవే లెక్కలోకి వస్తాయి.

మొత్తం ప్రచార ఖర్చు 100 వంతులు అనుకుందాం. షూటింగ్‌కు 20, మీడియాకు 50, సెలబ్రిటీ ఫీజు 30. ప్రచారం 12 నెలలు నడవాలి. మూడో నెల ముగిసేసరికి గొడవ బయటపడి ప్రకటన ఆపేశారు.

షూటింగ్ మీద పెట్టిన 20లో పావు వంతు ప్రయోజనం మీకు అందేసింది. మిగిలిన 15 నష్టం. మీడియాలో 12.5 వాడుకున్నారు, ఇంకా 37.5 ఉంది. అందులో 22.5 వరకు టీవీ చానళ్లు, పత్రికలు రద్దు చేశాయి, లేదా అదే చోటును మీ ఇంకో ప్రకటనకు ఇచ్చాయి. రద్దు కాని 15 నష్టం. ఫీజులో సగం, అంటే 15, ముందే ఇచ్చారు. మూడు నెలలకు చెల్లాల్సింది 7.5 కాబట్టి మిగతా 7.5 మీరు వాడుకోని కాలానికి కట్టిన డబ్బు. మొత్తం 37.5. పాలసీలో మీరు భరించాల్సిన మొదటి భాగం, అంటే డిడక్టిబుల్, 5 అని రాసుకుంటే చేతికి వచ్చేది 32.5.

నూరుకు బీమా చేశాం, నూరూ వస్తాయి అనుకునేవాళ్లకు ఈ లెక్క చేదుగా ఉంటుంది. కానీ ఇదే న్యాయమైన లెక్క. మరో సంగతి, ఏడాది గడిచేకొద్దీ నష్టపోగలిగే మొత్తం తగ్గుతూ వస్తుంది. అందుకే రెండేళ్ల ప్రచారానికి మొదటి రోజు పెట్టుకున్న బీమా మొత్తాన్నే చివరిదాకా ఉంచి ప్రీమియం కట్టనక్కర్లేదు. ఆరు నెలలకోసారి తగ్గించేలా ముందే మాట్లాడుకోండి. బ్రోకర్లు తమంతట తాము చెప్పకపోతే అడగండి.

అమ్మకాలు పడిపోతే? కంపెనీ షేరు విలువ తగ్గితే?

మామూలు పాలసీలో రాదు. అది చిన్న నష్టం కాదని నాకు తెలుసు. వుడ్స్ వ్యవహారంలో స్పాన్సర్ కంపెనీల వాటాదారులు కోల్పోయిన విలువ 500 కోట్ల నుంచి 1,200 కోట్ల డాలర్ల వరకు ఉంటుందని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణానికి చెందిన ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు అంచనా వేశారు. 2022 అక్టోబర్ 25న ర్యాప్ గాయకుడు కాన్యే వెస్ట్‌తో భాగస్వామ్యం తెంచుకున్నప్పుడు అడిడాస్ ఆ ఏడాది నికర లాభానికి 25 కోట్ల యూరోల వరకు దెబ్బ తగులుతుందని ప్రకటించింది. ఈ స్థాయి నష్టాలను ప్రకటన ఖర్చుల పాలసీ మోయలేదు. తగ్గిన లాభానికి విడిగా కవర్ అడగవచ్చు గానీ, అమ్మకాలు తగ్గింది సెలబ్రిటీ వల్లేనా, పోటీదారు ధర తగ్గించడం వల్లా అన్నది తేల్చడం కష్టం. అందుకే దాని ధర ఎక్కువ, షరతులూ ఎక్కువ. ఒక మనిషి పేరు మీదే ఉత్పత్తి శ్రేణి మొత్తం నడిపేవాళ్లు మాత్రం ఆ ధర కనుక్కుని తీరాలి.

పాలసీలో 'అపకీర్తి' అంటే ఏమిటి?

ఇక్కడ కాస్త నింపాదిగా చదవండి.

వాడుకలో ఉన్న నిర్వచనాల సారం ఇది: బీమాలో పేరున్న వ్యక్తి నేరం చేయడం, లేదా సమాజం మర్యాదగా భావించే హద్దులు దాటడం, దానివల్ల ఆ వ్యక్తి పరువు పోవడమో జనం దిగ్భ్రాంతి చెందడమో జరిగి, ప్రకటనదారుకు చెడు అంటుకోవడం. చదవగానే అన్నీ ఇందులో ఉన్నట్టే అనిపిస్తుంది. చిక్కంతా చిన్న మాటల్లో ఉంటుంది. నేరం 'చేయడం' అని ఉందా, 'అరెస్టు కావడం' అని ఉందా, 'శిక్ష పడటం' అని ఉందా? ఈ మూడింటి మధ్య ఏళ్ల దూరం ఉంటుంది.

నాకు తెలిసిన ఒక ప్రకటనదారు చవగ్గా దొరికిందని 'కోర్టులో నేరం రుజువైతే' అన్న నిర్వచనంతో పాలసీ తీసుకున్నారు. వాళ్ల అంబాసిడర్ మీద కేసు నమోదైంది, ప్రకటన ఆపేశారు, డబ్బంతా పోయింది. కేసు తేలకముందే పాలసీ గడువు ముగిసిపోయింది. బీమా కంపెనీ మోసం చేసిందని ఆయన ఇప్పటికీ బాధపడుతుంటారు. కానీ కంపెనీ రాసుకున్న మాట మీదే నిలబడింది. ఆ ఒక్క పదాన్ని ముందే ఎవరైనా వేలు పెట్టి చూపించి ఉంటే బాగుండేది.

జరిగిన ఉదంతాలను ఈ నిర్వచనాల పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ గంజాయి పీల్చే గొట్టంతో ఉన్న ఫోటో 2009 ఫిబ్రవరి మొదట్లో పత్రికకెక్కింది. ఆయన మీద కేసు పెట్టలేదు, కానీ కెల్లాగ్స్ ఒప్పందాన్ని పొడిగించలేదు. శిక్ష పడాలన్న నిర్వచనం ఇక్కడ దేనికీ పనికిరాదు. సైక్లింగ్ క్రీడాకారుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను నైకీ 2012 అక్టోబర్ 17న వదిలేసింది. అందుకు కారణం అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ వారం ముందు బయటపెట్టిన నివేదిక, క్రిమినల్ కోర్టు తీర్పు కాదు. క్రీడాకారుడితో ప్రకటన చేస్తున్నారంటే క్రీడా సంస్థ విధించే నిషేధాన్ని కూడా నిర్వచనంలో చేర్చాల్సిందే.

ఇక నోరు జారడం. 2011 మార్చిలో జపాన్ సునామీ మీద హాస్యనటుడు గిల్బర్ట్ గాట్‌ఫ్రీడ్ ట్విటర్‌లో జోకులు వేశారు. ఆఫ్లాక్ అనే బీమా కంపెనీ ప్రకటనల్లోని బాతుకు గొంతు ఆయనదే. ఆ కంపెనీ ఆదాయంలో పెద్ద వాటా వచ్చేదేమో జపాన్ నుంచే. వెంటనే ఆయన్ను తప్పించింది. ఆయన చేసింది నేరం కాదు. మరోచోట అమ్ముకునే కంపెనీకి అదే జోకు ఇంత నష్టం చేసేదీ కాదు. కాబట్టి 'నేరం' దగ్గరే ఆగిపోయే నిర్వచనం వద్దు. బహిరంగ వ్యాఖ్యలు, సోషల్ మీడియా పోస్టులు అని విడిగా రాయించండి. మీ సరుకు అమ్ముడయ్యే దేశాల పేర్లూ రాయించండి.

నా అభిప్రాయం అడిగితే, డబ్బు తక్కువైతే బీమా మొత్తం తగ్గించుకోండి, నిర్వచనాన్ని మాత్రం కుదించుకోకండి.

నిర్వచనం అంత విశాలంగా ఉంటే ఏ చిన్న విమర్శకైనా క్లెయిమ్ చేయవచ్చా?

చేయలేరు. ఇద్దరు ముగ్గురు తిట్టుకుంటే అది అపకీర్తి కాదు. ప్రకటన ఆపడం తప్పనిసరి అయిందని మీరు చూపించాలి. కొన్ని పాలసీల్లో ఈ నిర్ణయాన్ని ఇద్దరికీ సమ్మతమైన మూడో వ్యక్తికి వదిలేస్తారు. ఇంకొన్నింటిలో ఎన్ని ప్రధాన మీడియా సంస్థల్లో ఎన్ని రోజులు వార్త నడిచింది లాంటి కొలతలు పెడతారు. కొలత ఉంటే వాదన తగ్గుతుంది, డబ్బు త్వరగా వస్తుంది.

ఆరోపణ మాత్రమే వచ్చి, తర్వాత అబద్ధమని తేలితే?

'జరిగినట్టు ఆరోపణ వచ్చినా' అన్న మాట పాలసీలో ఉంటే కవర్ ఉంటుంది. ఆ మాట లేకపోతే, నిజంగా జరిగిందని చూపించే భారం మీ నెత్తిన పడుతుంది. మీ సొంత అంబాసిడర్ తప్పు చేశాడని మీరే సాక్ష్యాలు వెతకాల్సి రావడం ఎంత ఇబ్బందో ఊహించుకోండి. నిర్దోషి అయిన మనిషిని అలా వెంటాడటం అన్యాయం కూడా. ఆరోపణ కవర్‌కు కాస్త ఎక్కువ కట్టడమే ఇద్దరికీ మర్యాద.

కాంట్రాక్టులో మోరల్స్ క్లాజు ఉంది కదా, మళ్లీ బీమా ఎందుకు?

సెలబ్రిటీ ప్రవర్తన చెడితే ఒప్పందం రద్దు చేసుకోవచ్చనే ఆ క్లాజు మిమ్మల్ని ఒప్పందంలోంచి బయటపడేస్తుంది. పోయిన షూటింగ్ ఖర్చును, రద్దు కాని టీవీ స్పాట్లను తిరిగి ఇవ్వదు.

ఈ క్లాజుకు వందేళ్ల చరిత్ర ఉంది. 1921లో మూకీ సినిమాల హాస్యనటుడు రాస్కో ఆర్బకుల్ మీద ఒక నటి మరణానికి సంబంధించి కేసు పడింది. వెంటనే యూనివర్సల్ స్టూడియో తన ఒప్పందాల్లో ప్రవర్తన గురించిన షరతు చేర్చింది. ఆర్బకుల్‌ను 1922లో మూడో విచారణలో జ్యూరీ నిర్దోషిగా తేల్చింది. అప్పటికే ఆయన కెరీర్ పోయింది. ఆ క్లాజు పుట్టుకలోనే ఈ బాధ ఉందని నేను ఎప్పుడూ మరిచిపోను. ఆరోపణకూ రుజువుకూ మధ్య ఉన్న ఖాళీలోనే డబ్బూ మనుషులూ చితికిపోతారు.

క్లాజు ఉన్నంత మాత్రాన గొడవ ఉండదనీ అనుకోవద్దు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు రషార్డ్ మెండెన్‌హాల్ 2011 మేలో బిన్ లాడెన్ మరణం గురించి చేసిన ట్వీట్లకు హేన్స్‌బ్రాండ్స్ ఒప్పందాన్ని రద్దు చేసింది. ఆయన 10 లక్షల డాలర్లకు దావా వేశారు. క్లాజులో 'వినియోగదారుల్లో ఎక్కువమందిని' నొప్పించేలా అన్న అర్థం వచ్చే మాట ఉంది. అంతమంది నొచ్చుకున్నారా లేదా అన్నది విచారణ లేకుండా తేల్చలేమని 2012లో కోర్టు అంది. చివరికి ఇరుపక్షాలూ రాజీపడ్డాయి.

దీనివల్ల మీకు ఒక పని మిగిలింది. కాంట్రాక్టులోని క్లాజునూ పాలసీలోని నిర్వచనాన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. కాంట్రాక్టు ఆరోపణకే రద్దు హక్కు ఇచ్చి, పాలసీ శిక్ష పడేదాకా ఆగమంటే ఆ మధ్య నష్టం మీదే. రెండూ వేర్వేరు లాయర్లు రాస్తారు, ఒకరు రాసింది మరొకరు చూడరు. ఇద్దరినీ ఒక గంట ఒకే గదిలో కూర్చోబెట్టండి చాలు.

ఎప్పుడో జరిగిన విషయం ఇప్పుడు బయటపడితే?

పాలసీ తీసుకునేనాటికి జనానికి తెలిసినవి, మీకు తెలిసినవి, ముందే చెప్పి పాలసీలో ఒప్పించుకుంటే తప్ప కవర్ కావు. ఎవరికీ తెలియని పాత సంగతి పాలసీ కాలంలో మొదటిసారి బయటపడితే కవర్ అవుతుందా అన్నది మాటల అల్లిక మీద ఉంటుంది. 'పాలసీ కాలంలో జరిగిన చర్య' అని ఉంటే రాదు. 'పాలసీ కాలంలో బహిరంగమైన చర్య' అని ఉంటే వస్తుంది. పదేళ్ల కిందటి పోస్టులను తవ్వి తీసే రోజులివి, రెండో రకమే అడగండి.

మరణం, అనారోగ్యం విషయంలో ఏమైనా మెలికలు ఉన్నాయా?

వైద్య పరీక్ష ఉంటుంది. తెలిసిన జబ్బులను మినహాయిస్తారు, లేదా అదనంగా కట్టించుకుంటారు. ప్రమాదకరమైన ఆటలు, సొంతంగా విమానం నడపడం లాంటివి ముందే చెప్పాలి.

ఇక్కడ దాచడం ఎంత ప్రమాదమో మైకేల్ జాక్సన్ చివరి కచేరీల ఉదంతం చెబుతుంది. నిర్వాహక సంస్థ ఏఈజీ లైవ్‌కు లాయిడ్స్‌లో, కచేరీలు రద్దయితే చెల్లించే 1.75 కోట్ల డాలర్ల బీమా ఉంది. ఆయన 2009లో మరణించాక, ఆరోగ్య వివరాలు సరిగా చెప్పలేదంటూ అండర్‌రైటర్లు 2011లో పాలసీ చెల్లదని కోర్టుకెళ్లారు. మరుసటి ఏడాది ఏఈజీ తన క్లెయిమ్‌ను వెనక్కి తీసుకుంది. అది కచేరీల బీమా, ప్రకటనలది కాదు. సూత్రం ఒకటే.

షూటింగ్‌లోనే దెబ్బ తగిలే అవకాశాన్నీ మరవకండి. అదే జాక్సన్‌కు 1984 జనవరి 27న పెప్సీ ప్రకటన తీస్తుండగా బాణసంచా నిప్పురవ్వలు జుట్టుకు అంటుకుని తల కాలింది. అలాంటి గాయానికి పరిహారం వేరే పాలసీ పని, షూటింగ్ ఆగిన నష్టం వేరే పాలసీ పని. రెండూ ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి.

ప్రపోజల్ ఫారంలో, అంటే బీమా దరఖాస్తులో, ఎంతవరకు చెప్పాలి?

తెలిసిందంతా. అడగకపోయినా చెప్పాలి. రిస్కును తూకం వేయడానికి అవసరమైన నిజాలు ఎక్కువగా బీమా చేయించుకునేవాడికే తెలుస్తాయి కాబట్టి దాచకూడదన్న సూత్రాన్ని ఇంగ్లండ్‌లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ 1766లోనే చెప్పారు. నేటికీ బీమా నిలబడేది దాని మీదే. సెలబ్రిటీ మేనేజర్ టీ తాగుతూ 'ఆ పాత కేసు సెటిల్ అయిపోయిందిలెండి' అని మీ మార్కెటింగ్ హెడ్‌తో అన్నారనుకోండి. కంపెనీకి తెలిసినట్టే లెక్క. ఫారం నింపే మనిషికి ఆ మాట చేరలేదన్నది సాకుగా నిలవదు. ఫారం నింపే ముందు ఆ సెలబ్రిటీతో మాట్లాడిన ప్రతి ఒక్కరినీ అడగండి.

ప్రీమియం ఎంత అవుతుంది?

బీమా మొత్తంలో ఇంత శాతం అని లెక్కిస్తారు. ఆ శాతాన్ని నిర్ణయించేవి సెలబ్రిటీ గతం, వయసు, వృత్తి, ఎన్ని బ్రాండ్లకు పనిచేస్తున్నారు, సోషల్ మీడియాలో ఎంత తరచుగా, ఎలాంటి విషయాల మీద మాట్లాడతారు, ప్రచారం ఎన్నాళ్లు, ఎన్ని దేశాల్లో. అండర్‌రైటర్లు పాత ఇంటర్వ్యూలు, కోర్టు రికార్డులు, పోస్టులు అన్నీ తిరగేస్తారు. కొటేషన్ ఎక్కువగా వచ్చిందంటే చిరాకు పడకుండా ఎందుకో అడగండి. మీరు ఒప్పందం చేసుకోబోయే మనిషి గురించి బయటివాళ్లు డబ్బు పణంగా పెట్టి ఇచ్చే అభిప్రాయం అది.

నలుగురు సెలబ్రిటీలు ఉంటే నాలుగు పాలసీలా?

ఒకటే చాలు, షెడ్యూల్‌లో నాలుగు పేర్లు రాస్తారు. ఒకరు పోతే ఆ భాగాన్ని కత్తిరించి ప్రకటన నడపగలరా అన్నదే ప్రశ్న. నడపగలిగితే నష్టం ఎడిటింగ్ ఖర్చు వరకే.

ఇన్‌ఫ్లూయెన్సర్లకు కూడా దొరుకుతుందా?

దొరుకుతుంది. వాళ్ల విషయంలో షూటింగ్ ఖర్చు తక్కువ, నోరు జారే అవకాశం ఎక్కువ. వ్యాఖ్యలను మినహాయించిన పాలసీ అయితే తీసుకోవడమే దండగ.

మధ్యలో పేరు మార్చాలన్నా, ఏదైనా చేర్చాలన్నా?

'ఎండార్స్‌మెంట్' వేయించాలి. బీమా భాషలో ఆ మాటకు పాలసీకి అతికించే సవరణ అని అర్థం. ప్రకటనల వాళ్లకేమో అది సెలబ్రిటీ ఒప్పందం. మీటింగుల్లో ఒకరు ఒకటి అడిగితే ఇంకొకరు ఇంకోటి రాసుకోవడం నేను కళ్లారా చూశాను. మెయిల్‌లో 'పాలసీ సవరణ' అనే రాయండి.

డీప్‌ఫేక్ వీడియో వస్తే?

2023 అక్టోబర్‌లో టామ్ హాంక్స్ తన ఏఐ రూపంతో ఎవరో దంతవైద్య పథకం ప్రకటన చేశారని, దానితో తనకు సంబంధం లేదని జనాన్ని హెచ్చరించారు. ఇలా సెలబ్రిటీ చేయని పనికి చెడ్డపేరు వస్తే, 'చేసిన చర్య' మీద నడిచే పాత నిర్వచనాల్లోకి అది రాదు. ఆరోపణ కవర్ ఉంటే వాదించే వీలుంటుంది. వాదన దాకా వెళ్లకుండా, నకిలీ వీడియో, ఆడియో వల్ల ప్రకటన ఆపాల్సి వస్తే అని ఒక వాక్యం చేర్పించడం మేలు.

సరుకే మోసమని తేలి సెలబ్రిటీ మీద కేసు పడితే?

అది ఈ పాలసీ పరిధి కాదు, సెలబ్రిటీకి విడిగా బాధ్యతా బీమా కావాలి. 2022 అక్టోబర్‌లో కిమ్ కర్దాషియన్ ఒక క్రిప్టో టోకెన్‌ను డబ్బు తీసుకున్న సంగతి చెప్పకుండా ప్రచారం చేసినందుకు అమెరికా సెక్యూరిటీస్ కమిషన్‌కు 12.6 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నారు. అయితే అలా చిక్కుకున్న సెలబ్రిటీ మీ ప్రకటనలో కూడా ఉంటే మీకు నష్టమే. ఇతర బ్రాండ్ల కోసం చేసిన పని వల్ల వచ్చే చెడ్డపేరు మీ నిర్వచనంలో ఉందో లేదో చూడండి.

గొడవ బయటపడిన రోజు ఏం చేయాలి?

పొద్దున్నే ఫోన్లు మోగుతాయి, అందరూ టెన్షన్‌లో ఉంటారు, మొదట గుర్తొచ్చేది ప్రెస్ నోట్. దానికంటే ముందు బ్రోకర్‌కు రెండు లైన్ల మెయిల్ పంపండి. వివరాలు తర్వాత ఇవ్వవచ్చు, సమాచారం ఆలస్యమైతే మాత్రం అదే వంకగా మారుతుంది.

తర్వాత నష్టం పెరగకుండా ఆపండి, ఆపుతున్న ప్రతి పనికీ రుజువు ఉంచుకోండి. ఒక క్లయింట్ దగ్గర మీడియా ప్లానర్ ఒకమ్మాయి ఉండేది. ఆ ఉదయం ఆమె మామూలు రూళ్ల పుస్తకం ఒకటి తీసి, ఏ చానల్‌కు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు ఫోన్ చేసింది, ఎవరు ఎత్తారు, ఏ స్పాట్ ఆగింది, ఏది ఆపలేమన్నారు అన్నీ వరసగా రాసుకుంది. మధ్యాహ్నానికి పద్దెనిమిది పేజీలు. నెల తర్వాత లాస్ అడ్జస్టర్, అంటే నష్టాన్ని లెక్క తేల్చే మనిషి, ఆ పుస్తకాన్నీ చానళ్ల టెలికాస్ట్ సర్టిఫికెట్లనూ ఎదురెదురుగా పెట్టుకుని చూశారు. ఒక్క స్పాట్ కూడా తేడా రాలేదు, క్లెయిమ్ అక్కడితో తేలిపోయింది. ఇంకో క్లయింట్ సోషల్ మీడియా టీమ్ కంగారులో పోస్టులన్నీ చెరిపేసింది. స్క్రీన్‌షాట్లు లేవు, వాటి మీద పెట్టిన ఖర్చు ఇవాళ్టికీ రుజువు కాలేదు.

ప్రెస్ నోట్‌లో సెలబ్రిటీ తప్పు చేశారని గానీ చేయలేదని గానీ తీర్పు చెప్పకండి. ప్రకటన నిలిపేశాం అన్నంత వరకే రాయండి. హోర్డింగులు దించే ముందు ఫోటోలు తీయించండి.

మేం ఆ సెలబ్రిటీతోనే కొనసాగాలనుకుంటే?

అది మీ హక్కు. నైకీ వుడ్స్‌తో నిలబడి 2024 జనవరి దాకా కొనసాగింది. కానీ ప్రకటన నడుస్తున్నంత కాలం వృథా ఖర్చు లేదు కాబట్టి క్లెయిమ్ ఉండదు. కొన్ని వారాలు ఆపి చూసే ఉద్దేశం ఉంటే, తాత్కాలిక నిలుపుదల ఖర్చు పాలసీలో ఉందో లేదో చూసుకోండి. అలా ఆపుతున్నట్టు బీమా కంపెనీకి ముందే రాయండి. ఆలోచించుకోవడానికి తీసుకున్న ఆ వారాలే గడువు దాటిన వారాలుగా మారకూడదు.

క్లెయిమ్ చెల్లించాక బీమా కంపెనీ సెలబ్రిటీ మీద దావా వేస్తుందా?

వేయగలదు. మీకు డబ్బు చెల్లించాక సెలబ్రిటీ నుంచి వసూలు చేసుకునే మీ హక్కు వాళ్లకు వెళ్తుంది. అందుకే బీమా కంపెనీకి చెప్పకుండా సెలబ్రిటీతో రాజీపడి 'మాకు బాకీ ఏమీ లేదు' అని సంతకం చేయకండి. వాళ్ల హక్కును మీరు వదిలేసినట్టు అవుతుంది, క్లెయిమ్ కూడా పోవచ్చు. మరణం, అనారోగ్యం సందర్భంలో కుటుంబాన్ని వెంటాడకూడదనుకుంటే ఆ హక్కును వదులుకుంటున్నట్టు పాలసీలోనే రాయించుకోవచ్చు. నేనైతే ప్రతిసారీ రాయిస్తాను.

పాలసీ ఎప్పుడు తీసుకోవాలి?

సెలబ్రిటీ ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు కొటేషన్ అడగండి, మొదటి అడ్వాన్స్ చెక్కు ఇచ్చే రోజుకు కవర్ మొదలవ్వాలి. ప్రకటన విడుదల రోజు నుంచి చాలనుకుంటే షూటింగ్ డబ్బు మొత్తం ఆ మధ్యలో గాలిలో ఉంటుంది.

ఈ పాలసీ ఉందని సెలబ్రిటీకి చెప్పాలా?

వైద్య పరీక్షకు, ఆరోగ్య వివరాలకు వాళ్ల అనుమతి కావాలి కాబట్టి మరణం, అశక్తత కవర్ దాచినా దాగదు. అపకీర్తి కవర్ గురించి చెబితే నొచ్చుకుంటారేమోనని చాలామంది సంకోచిస్తారు. నేను మాత్రం కాంట్రాక్టు మాట్లాడే రోజే, మేనేజర్ ద్వారా కాకుండా నేరుగా చెప్పమంటాను. అలా చెప్పిన ఒక సందర్భంలో ఆ నటి కాసేపు మౌనంగా ఉండి, పాత ఇంటర్వ్యూ ఒకటి ఉందని, దాన్ని ఎవరైనా తవ్వితే ఇబ్బందేనని తనే బయటపెట్టారు. దాన్ని ప్రపోజల్ ఫారంలో రాశాం. ప్రీమియం కాస్త పెరిగింది, కవర్ మాత్రం ఆ ఇంటర్వ్యూతో సహా దొరికింది.